గృహహింస నుంచి బయటపడ్డ ఆమె మాటను పాడ్‌కాస్ట్‌లో వినిపించాలంటే

తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టడానికి ఇప్పుడు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఫోను, చిన్న కాలర్ మైకు, నెట్ కనెక్షన్ ఉంటే సరిపోతుంది. సినిమా కబుర్లకో, వంటలకో అయితే అంతటితో అయిపోతుంది. గృహహింస మీద ఎపిసోడ్ చేయాలనుకుంటే మాత్రం రికార్డింగ్ బటన్ నొక్కే ముందు చేయాల్సిన పనే ఎక్కువ. మన ముందు కూర్చుని మాట్లాడిన ఆమెకు ఈ ఎపిసోడ్ వల్ల కొత్త కష్టం రాకూడదు. ఎక్కడో వంటింట్లో ఫోను పెట్టుకుని వింటున్న ఇంకో ఆమెకు ఆ రాత్రికి పనికొచ్చే ముక్క ఒకటైనా అందాలి. ఈ రెండూ కుదిరితేనే ఎపిసోడ్ చేయండి. మొదటిది కుదరదని తేలితే, కథ ఎంత గొప్పదైనా వదిలేయండి.

ఎవరు వింటారో ముందు అనుకోండి

2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లను ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, ఎదురు మాట్లాడటం, అత్తమామలను గౌరవించకపోవడం లాంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అన్నారు. ఏదో ఒక కారణానికి సబబే అన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలో ఇవే పై రెండు అంకెలు. భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పినవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రలో 30 శాతం. హింసకు గురైనవాళ్లలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు దేశమంతటా కలిపి 14 శాతమే.

ఈ అంకెలు ఎపిసోడ్‌లో చదవమని చెప్పడం లేదు. మీ శ్రోత ఎవరో తెలుసుకోవడానికి పెట్టుకోండి. మీ ఎపిసోడ్ వినే స్త్రీల్లో చాలామంది, 'నాదే తప్పేమో' అన్న దగ్గర ఆగిపోయి ఉంటారు. వాళ్ల అమ్మలు 'సర్దుకుపోవే' అని తిప్పి పంపిన వాళ్లయి ఉంటారు. అమ్మలూ వింటారు, పక్కింటివాళ్లూ వింటారు. అందుకని ప్రతి ఎపిసోడ్‌కూ ముందే ఒక శ్రోతను అనుకోండి: ఇది దెబ్బలు తింటున్న ఆమె కోసమా, ఆమె పుట్టింటివాళ్ల కోసమా, గోడ అవతల అరుపులు విని టీవీ కట్టేసి వినేవాళ్ల కోసమా? ముగ్గురికీ ఒకేసారి చెప్పబోతే ఎవరికీ సరిగ్గా అందదు. పుట్టింటివాళ్ల కోసం విడిగా ఒక ఎపిసోడ్ చేసి తీరాలని నేనంటాను. చాలామంది ఆడవాళ్లు గడప దాటి వెళ్లేది ముందు అక్కడికే.

ఎవరిని రికార్డు చేయకూడదు

ఇంకా ఆ ఇంట్లోనే ఉంటున్న స్త్రీని రికార్డు చేయకండి. ఆమె ఒప్పుకున్నా సరే. గొంతు మార్చినా సరే. బయటికి రావాలనుకున్నప్పుడు, వచ్చిన కొత్తలోనే ప్రాణాపాయం ఎక్కువ. తన పట్టు జారిపోతోందని అవతలివాడికి తెలిసే సమయం అదే. ఆమె చెప్పుకోవాలనుకుంటే వినండి, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, మైకు మాత్రం తీయకండి.

కేసు కోర్టులో నడుస్తున్నవాళ్ల విషయంలో ఆమె వకీలు సరే అన్నాకే ముందుకు వెళ్లండి. గృహహింస కేసుల్లో విచారణ మూసిన తలుపుల వెనక జరపమని ఏ పక్షమైనా కోరవచ్చు. అలాంటి విచారణలో జరిగింది మీరు వినిపిస్తే నష్టపోయేది ఆమే. పైగా ఎపిసోడ్‌లో ఆమె చెప్పిన తారీకుకూ ఫిర్యాదులో రాసిన తారీకుకూ ఒక్కరోజు తేడా ఉన్నా, అవతలి వకీలు దాన్ని పట్టుకుంటాడు. కత్తిరించని రికార్డింగ్‌ను కోర్టు అడిగే అవకాశం కూడా ఉంటుంది కాబట్టి, 'ఇది మన మధ్యే ఉంటుంది' అని మాట ఇవ్వకండి.

కథలో లైంగిక దాడి ఉంటే చట్టం ఇంకా గట్టిది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం అత్యాచార బాధితురాలి పేరుగానీ, ఆమె ఎవరో తెలిసిపోయే వివరంగానీ బయటపెడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఆమె స్వయంగా, రాతపూర్వకంగా అనుమతి ఇస్తే మినహాయింపు ఉంది. ఉన్నా సరే, పేరు లేకుండా చేయమనే చెబుతాను. పిల్లల గురించి అయితే, వాళ్ల మీద జరిగే లైంగిక నేరాల కోసం పెట్టిన పోక్సో చట్టం అడ్డుగా నిలబడి ఉంటుంది, ఆ గీత దాటకండి. తల్లి కథలో పిల్లలు వస్తే వాళ్ల పేర్లు, బడి, తరగతి ఏవీ ఉండకూడదు.

భర్త పేరు చెప్పాలని ఆమెకు ఉండొచ్చు. ఆ కోపం న్యాయమైనదే. కానీ అతని పేరు చెప్పగానే ఆమె ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది, మీ ఇద్దరి మీదా పరువునష్టం కేసు పడవచ్చు. ఈ మాట రికార్డింగ్‌కు ముందే విడమరిచి చెప్పండి.

మొదటి ఫోను ఎలా చేయాలి

ఆమె బయటపడి ఏళ్లయినా, ఫోను విషయంలో జాగ్రత్త తప్పదు. కొందరి ఫోన్లలో ఇప్పటికీ పాత జీమెయిల్ ఖాతానే ఉంటుంది. దాని పాస్‌వర్డ్ అతనికీ తెలిసి ఉంటుంది. ఆ ఖాతా తెరిస్తే ఆమె ఫోను ఎక్కడుందో కనిపించవచ్చు. మొదటి సంభాషణలో అడగాల్సింది కథ గురించి కాదు, ఇవి: ఈ నంబరు మీరొక్కరే వాడతారా? ఏ వేళకు ఫోన్ చేస్తే మంచిది? ఇంకెవరైనా ఎత్తితే నేను ఎవరినని చెప్పాలి? చీరలు అమ్మే ఆవిడనో, పిల్లల ట్యూషన్ వాళ్లమో అని ఇద్దరూ ముందే అనుకోండి. మధ్యలో ఎవరైనా వస్తే ఆమె ఒక మాట అంటుంది, 'సరుకులు రేపు తీసుకుంటాలే' లాంటిది. ఆ మాట వినగానే మీరు పెట్టేయాలి.

మీ నంబరు ట్రూకాలర్‌లో ఏ పేరుతో కనబడుతోందో చూసుకోండి. 'గృహహింస పాడ్‌కాస్ట్' అని కనబడితే ఆ ఒక్క రింగు చాలు ఇంట్లో గొడవకు. వాట్సాప్‌లో పొడుగాటి మెసేజీలు పెట్టకండి. ఆమెకు దారిఖర్చులు, ఒక పూట కూలి మీరే ఇవ్వాలి, అది దానం కాదు. కానీ యూపీఐలో పంపితే బ్యాంకు మెసేజీ ఎవరి ఫోనుకు వెళుతుందో అడగకుండా పంపకండి. చేతికి ఇవ్వడమే నయం.

ఒప్పుకోలు ఒక్కసారి తీసుకుంటే సరిపోదు

కాగితం తెలుగులో ఉండాలి. ఒక పేజీ దాటకూడదు. చదవడం వచ్చినా రాకపోయినా మీరే పైకి చదివి వినిపించండి. ఇందులో ఏముండాలంటే: ఈ రికార్డింగ్ ఎక్కడెక్కడ వస్తుంది, గొంతు మారుస్తామా, ఎవరెవరు వింటారు, కత్తిరించని ఫైలు ఎన్నాళ్లు దాచి ఎప్పుడు చెరిపేస్తాం, వద్దనుకుంటే ఎవరికి ఫోన్ చేయాలి. ఒక నిజం కూడా రాయండి: విడుదలయ్యాక మేం తీసేసినా, అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల దగ్గర, వాట్సాప్ గ్రూపుల్లో మిగిలిపోవచ్చు. ఈ మాట విని ఆమె వెనక్కి తగ్గితే అది మంచి నిర్ణయమే.

రికార్డింగ్‌కు ముందు ఒకసారి, ఎడిట్ అయ్యాక వినిపించి ఒకసారి, విడుదల చేసే ముందు రోజు ఇంకోసారి అడగండి. రెండోసారే ఎక్కువమంది మార్పులు చెబుతారు. తన మాటలు తాను వినేసరికి 'ఈ ముక్క తీసేయండి, మా తమ్ముడు బాధపడతాడు' అంటారు. తీసేయండి. ఎపిసోడ్‌లో అదే గొప్ప ముక్క అయినా తీసేయండి.

చోటు, శబ్దం

ఆమె ఇంట్లో వద్దు. మీ ఇంట్లో కూడా వద్దు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రిజిస్టరులో పేరు రాయమంటాడు. మహిళా సంఘం ఆఫీసో, తెలిసిన వకీలు గారి గదో, లైబ్రరీలో చిన్న గదో చూడండి. ఆమె కుర్చీ తలుపుకు దగ్గరగా, తలుపు కనబడేలా ఉండాలి. గడియ పెట్టకండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్లగలనన్న ధీమా ఉంటేనే మనిషి కుదురుగా మాట్లాడుతుంది.

ఫ్యాను ఆపక తప్పదు, సీలింగ్ ఫ్యాను గరగర ఎడిట్‌లో పోదు. అందుకే ఎండాకాలం పొద్దున్నే పెట్టుకోండి. బట్టల బీరువా ఉన్న గదైతే తలుపులు తెరిచి పెట్టండి, మడతపెట్టిన చీరలు గది మోతను పీల్చేస్తాయి. రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. రికార్డింగ్ వేవ్ (WAV) ఫార్మాట్‌లో చేసి, గొంతు పెద్దదైనప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి. ఇలాంటి సంభాషణలో గొంతు ఒక్కసారిగా పెరుగుతుంది, ఉన్నట్టుండి గుసగుసలోకి పడిపోతుంది. ఎక్కువ పెట్టి పగలగొట్టుకోవడం కన్నా తక్కువ పెట్టి తర్వాత పెంచుకోవడం మేలు. చివర్లో ఇద్దరూ మాట్లాడకుండా అర నిమిషం గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. పేర్లు, ఊళ్లు కత్తిరించిన చోట అతికించడానికి అదే పనికొస్తుంది.

ఏం అడగాలి, ఏం అడగకూడదు

'ఇన్నేళ్లు ఎందుకు భరించారు?' అన్న ప్రశ్న మీ నోట రాకూడదు. ఊళ్లో అందరూ ఆమెను అడిగిన ప్రశ్న అది. స్టేషన్‌లో అడిగారు, కుల పెద్దలు అడిగారు, చివరికి పుట్టింట్లో కూడా. మీరూ అడిగితే ఆమె మళ్లీ సంజాయిషీ ఇచ్చుకుంటుంది, శ్రోత మళ్లీ ఆమె వైపే వేలు చూపిస్తుంది. 'అతనికి తాగుడు అలవాటుందా?' అన్నది కూడా జాగ్రత్తగా అడగాల్సిందే. తాగని మగవాళ్లూ కొడతారు. తాగి కొట్టేవాడు ఆఫీసులో మేనేజరును కొట్టడు.

ఇవాళ్టి నుంచి మొదలుపెట్టండి. ఇప్పుడు ఏం పని చేస్తున్నారు, పొద్దున్న ఎన్నింటికి లేస్తారు, ఇంటి తాళం ఎవరి దగ్గర ఉంటుంది. కాళ్ల కింద నేల ఉందని గుర్తుచేసుకున్నాక మనిషి వెనక్కి చూడగలదు. తర్వాత దెబ్బల గురించి కాకుండా ఇంటి నడత గురించి అడగండి. ఇదిగో, ఇలా సాగవచ్చు. ఇది నేను కల్పించి రాసిన సంభాషణే కానీ ఇలాంటి మాటలు మీకు చాలాసార్లు వినబడతాయి.

'జీతం డబ్బులు ఏమయ్యేవక్కా?'

'ఒకటో తారీకున ఆయనే ఏటీఎంకు పోయి తీసేవాడు. కార్డు ఆయన పర్సులోనే ఉండేది.'

'మీకేమన్నా కొనుక్కోవాలంటే?'

'అడగాలి. బస్సు టికెట్టు కూడా తెచ్చి చూపించాలి. ఒకసారి పది రూపాయలు లెక్క తేలలేదు...'

ఇక్కడ ఆమె ఆగింది. ఆ పది రూపాయలకు ఏం జరిగిందో తెలుసుకోవాలని మీకు ఉంటుంది, శ్రోతకూ ఉంటుంది. అడగకండి. మూడు, నాలుగు క్షణాలు ఊరుకోండి. చెప్పాలనుకుంటే ఆమే చెబుతుంది. చెప్పకపోతే, 'ఆ తర్వాత డబ్బు విషయంలో మీరేం చేశారు?' అనండి. అప్పుడు బయటికొస్తుంది అసలు విషయం. ఓవర్‌టైమ్ డబ్బులు తోటి పనిచేసే ఆమె దగ్గర దాచడం, పోస్టాఫీసులో తన పేరున ఖాతా తెరిచి పాస్‌బుక్కు అమ్మమ్మ ఇంట్లో పెట్టడం. వంటింట్లో వింటున్న ఆమెకు కావలసింది ఈ భాగం. దెబ్బలెలా ఉంటాయో ఆమెకు మీరు చెప్పనక్కర్లేదు.

బయటికి వచ్చిన రోజు దగ్గర తీరిగ్గా కూర్చోండి. చేతిలో ఏం పట్టుకొచ్చారు? ఆధార్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, చదువు కాగితాలు, బంగారం, వీటిలో ఏవి మిగిలిపోయాయి, వాటి కోసం తర్వాత ఎంత తిరగాల్సొచ్చింది? మొదట తలుపు తీసింది ఎవరు? తీయనిది ఎవరు? స్టేషన్‌లో కూర్చోబెట్టి మాట్లాడారా, 'భార్యాభర్తలన్నాక ఇవన్నీ మామూలే' అని పంపించేశారా? ఏ మాట విన్నాక 'నా తప్పు కాదు' అనిపించింది?

మాటల మధ్యలో గొంతు నులిమాడనో, కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడనో, చంపేస్తానని అన్నాడనో వస్తే, మీ వ్యాఖ్యానంలో ఒక్క మాట స్పష్టంగా చెప్పండి: ఇవి ప్రాణం మీదికి వచ్చే గుర్తులు. ముఖ్యంగా గొంతు నులమడం. మచ్చ కనబడకపోయినా డాక్టరుకు చూపించుకోవాలి, ఏం జరిగిందో చెప్పి రాయించుకోవాలి.

ఆమె ఏడిస్తే రికార్డింగ్ ఆపి, మంచినీళ్లిచ్చి, కొనసాగిద్దామా అని అడగండి. ఊరుకోబెట్టడానికి కబుర్లు చెప్పకండి, మీరు ఆమె కన్నా ఎక్కువ ఏడవకండి. మీరు కౌన్సెలర్ కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. అది ఆమెకు రాసివ్వండి, మర్నాడు మీరు ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోండి. ఇక యాంకరుగా మీ నోటిని మీరు గమనించుకోవాలి. 'మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు' లాంటి సామెతలు అలవాటుగా దొర్లిపోతాయి. కొట్టడం లెక్కలోకి రాని విషయమన్నట్టు చెప్పే సామెత మీ కార్యక్రమంలో నవ్వులాటకైనా ఉండకూడదు.

గొంతు మారిస్తే సరిపోదు, యాస పట్టిస్తుంది

ఈ పని మీద మీరు ఎంత సమయం పెట్టినా తక్కువే. చాలామంది సాఫ్ట్‌వేర్‌లో గొంతు లావుగానో సన్నగానో చేసి, గుర్తుపట్టలేరులే అనుకుంటారు. ఒకటి, అలా మార్చిన గొంతును అదే సాఫ్ట్‌వేర్‌తో దాదాపు వెనక్కి తెచ్చేయవచ్చు. రెండు, తెలుగులో మనిషిని పట్టించేది గొంతు కన్నా యాస. బంగారం తులాల్లో చెప్పిందా, కాసుల్లో చెప్పిందా, అత్తను అత్తమ్మ అందా, అత్తయ్య అందా, ఊతపదం ఏమిటి. ఆడపడుచు రెండు వాక్యాలు వింటే చాలు, 'ఇది మన వదినే' అనేస్తుంది.

అన్నింటికన్నా భద్రమైన పద్ధతి, ఆమె మాటలను అక్షరం పొల్లుపోకుండా రాసి, ఇంకో స్త్రీ చేత చదివించడం. ఆ చదివే ఆమె నటి కానక్కర్లేదు, నటించకపోతేనే మంచిది. వీలైతే వేరే జిల్లా ఆమె అయి ఉండాలి. మొదట్లోనే శ్రోతలకు ఆ సంగతి చెప్పేయండి: మాటలు ఆమెవి, గొంతు వేరేవాళ్లది.

ఇప్పుడు వివరాలు. ఆమె ఇలా అందనుకోండి: 'మా ఆయన సిరిసిల్లల మరమగ్గాల కాడ ఆసామి. సమ్మక్క జాతరకు పోయొచ్చిన రాత్రి, మా రెండో బిడ్డ పుట్టి నెల కాలే. పక్కింటోళ్లకు ఇనబడొద్దని టీవీ సౌండు పెంచిండు.' ఈ నాలుగు ముక్కల్లో ఊరు, వృత్తి, ఏ సంవత్సరమో, ఎందరు పిల్లలో అన్నీ ఉన్నాయి. సమ్మక్క జాతర రెండేళ్లకోసారి వస్తుంది, బిడ్డ వయసుతో కలిపి చూస్తే నెలతో సహా దొరికిపోతుంది. పైడితల్లి సిరిమాను అంటే విజయనగరం, గంగమ్మ జాతర అంటే తిరుపతి. కాబట్టి పండుగ పేరు పోవాలి, ఊరు పోవాలి, ఎన్నో బిడ్డో పోవాలి. 'కార్ఖానాలో పని ఆయనది. జాతర నుంచి వచ్చిన రాత్రి. ఒళ్లో చంటిపిల్ల. పక్కింటికి వినబడకూడదని టీవీ సౌండు పెంచాడు.' టీవీ మాత్రం ఉంచండి. అది ఎవరింట్లోదైనా కావచ్చు, అలాంటి ఇంట్లో ఉన్న ఆమెకు ఆ ఒక్క వాక్యంతో అంతా అర్థమవుతుంది.

ఊరు తీసేసి వేరే ఊరు పేరు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. అది అబద్ధం. 'ఒక జిల్లా కేంద్రం' అంటే చాలు. ఎడిట్ అయ్యాక ఆ ప్రాంతం తెలిసిన ఒకరికి, ఆమెతో పరిచయం లేనివారికి, వినిపించి ఏమేం ఊహించగలిగారో అడగండి.

చెంపదెబ్బ శబ్దం, గాజు పగిలిన శబ్దం, ఏడుపు సన్నాయి, ఇవేవీ కలపకండి. అలాంటి శబ్దాలతో ఏళ్లు గడిపినవాళ్లకు అవి వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ఎపిసోడ్ మొదట్లో 'ఇందులో కొట్టడం గురించిన మాటలున్నాయి, ఆరో నిమిషం నుంచి తొమ్మిదో నిమిషం దాకా. వద్దనుకుంటే దాటేయండి' అని మామూలు గొంతుతో చెప్పండి.

చట్టం చెప్పే భాగం

అమెరికా పాడ్‌కాస్టులు విని అక్కడి మాటలు ఇక్కడికి తెచ్చేవాళ్లు ఉన్నారు. మన శ్రోతకు మన దారి చెప్పాలి. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడమే కాదు, తిట్టి అవమానించడం, లైంగిక హింస, జీతం లాక్కోవడం, ఆమె బంగారం అమ్ముకోవడం కూడా ఈ చట్టంలో హింసే. పైన చెప్పిన ఏటీఎం కార్డు కథకు చట్టంలో పేరుంది, ఆర్థిక హింస. ఆ కథ అవగానే ఈ వాక్యం రావాలి.

శ్రోతలకు అంతగా తెలియనివి ఇంకొన్ని. ఇల్లు ఆమె పేరున లేకపోయినా ఆ ఇంట్లో ఉండే హక్కు ఉంది. అది అత్తమామల పేరున ఉన్నా ఆ హక్కు అడగవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు ఆమే చేయాలని లేదు. పక్కింటివాళ్లు కూడా రక్షణాధికారికి, అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించిన అధికారికి, చెప్పవచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ బాధ్యతా పడదు. మేజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును భర్త మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లోపు పెట్టాలనీ, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ చట్టంలో ఉంది. నడిచేది మాత్రం నెమ్మదిగానే నడుస్తుంది, ఆ సంగతీ చెప్పండి. చెప్పకపోతే మూడో వాయిదాకే ఆమె నిరాశపడుతుంది. అయితే కేసు తేలేదాకా తాత్కాలికంగా పనికొచ్చే మధ్యంతర ఉత్తర్వు ముందే అడగవచ్చు.

భర్త, అత్తింటివాళ్లు పెట్టే క్రూరమైన హింస మీద క్రిమినల్ కేసు పెట్టే పాత ఐపీసీ 498-ఏ అన్న పేరు అందరికీ తెలుసు. 2024 జులై 1 తర్వాత జరిగినవాటికి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు. భర్తను జైలుకు పంపడం ఇష్టం లేదు, కొట్టకుండా ఉంటే చాలు అనుకునే స్త్రీలు చాలామంది స్టేషన్ మెట్లెక్కరు. వాళ్లకు గృహహింస చట్టం దారి వేరని, అందులో మొదట అడిగేది రక్షణ, ఇల్లు, ఖర్చులు, పిల్లల కస్టడీ అని విడమరచండి. ఏ ఆదాయం ఉన్న స్త్రీకైనా న్యాయసేవా సంస్థ నుంచి ఉచితంగా వకీలు దొరుకుతారు, నంబరు 15100.

అమెరికాలో ఉన్న మన అమ్మాయిలు కూడా వింటారు. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 వీసాతో వెళ్లినవాళ్లకు 'నేను పంపిస్తే నువ్వు ఇండియాకే' అన్న బెదిరింపు రోజూ వినబడేదే. హింసకు గురైన హెచ్-4 భార్యలు విడిగా పని అనుమతికి దరఖాస్తు చేసుకునే వీలు ఉంది. అక్కడి జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233కు చేసి దుబాసీ కావాలని అడగవచ్చు. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి అనే సంస్థ దక్షిణాసియా స్త్రీల కోసం పనిచేస్తోంది. వీసా సలహా మీరు ఇవ్వకండి, అక్కడి ఇమ్మిగ్రేషన్ వకీలును కలవమని చెప్పండి.

నంబర్లు ఎలా చదవాలి

ప్రతి ఎపిసోడ్‌లో రెండే నంబర్లు చదవండి. 181 మహిళా హెల్ప్‌లైన్, 112 ప్రాణం మీదికి వచ్చినప్పుడు. మెల్లగా, విడివిడిగా, రెండుసార్లు: ఒకటి, ఎనిమిది, ఒకటి. వినేటప్పుడు ఆమె చేతులు అంట్లలో ఉంటాయి, రాసుకోలేదు. ఫోన్ చేశాక కాల్ లిస్టులోంచి ఆ నంబరు చెరిపేయమని కూడా చెప్పండి. సఖి వన్ స్టాప్ సెంటర్లలో వైద్యం, పోలీసు, న్యాయ సలహాతోపాటు అయిదు రోజుల వరకు తలదాచుకోవడానికి చోటు ఉంటుందని చెప్పండి. మీ జిల్లాలో అది ఎక్కడుందో, బస్సు దిగి ఎటు నడవాలో మీరు స్వయంగా వెళ్లి చూసొచ్చి చెప్పండి. హెల్ప్‌లైన్‌కు ఒకసారి మీరే ఫోన్ చేసి, సమాచారం కోసమని చెప్పి, ఏమడుగుతారో కనుక్కుంటే, 'ముందు మీ పేరు అడుగుతారు, భయపడకండి' అని శ్రోతకు ధైర్యం చెప్పగలరు. ఆంధ్రలో ఆడవాళ్ల రక్షణ కోసం పోలీసులు తెచ్చిన దిశ యాప్ స్థానంలో శక్తి యాప్ వచ్చింది. ఇలాంటివి మారుతుంటాయి కాబట్టి పాత ఎపిసోడ్లలోని వివరాలు కూడా అప్పుడప్పుడు సరిచూసుకుంటూ ఉండాలి.

'వెంటనే బయటికి వచ్చేయండి' అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఎప్పుడు, ఎలా అన్నది ఆమెకే తెలుసు. కాగితాలు ఎవరి దగ్గర దాచాలి, పిల్లలకు ఏ ఇల్లు చెప్పి ఉంచాలి, అర్ధరాత్రి ఏ తలుపు తట్టాలి అన్న ఏర్పాట్లు చెప్పండి.

విడుదల

పేరులోనూ బొమ్మలోనూ హింస కనబడకూడదు. కమిలిన మొహం, మూలన ముడుచుకుని కూర్చున్న ఆడమనిషి బొమ్మ, 'షాకింగ్' అన్న మాట వద్దే వద్దు. అవి ఆమెకు అవమానం. పైగా వినేవాళ్ల యూట్యూబ్ హిస్టరీలో అదే బొమ్మ కూర్చుంటుంది. ఆ ఫోను రాత్రి ఎవరి చేతికి వెళుతుందో మీకు తెలియదు. 'పుట్టింటి కబుర్లు' లాంటి పేరుతో, ఒక పువ్వు బొమ్మతో వచ్చినా వినాల్సినవాళ్లు వింటారు. మొదటి నిమిషం కూడా మామూలు కబుర్లలాగే ఉండనివ్వండి, ఎవరైనా గదిలోకి వస్తే అనుమానం రాకుండా.

పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. చిన్న ఫైలు చేసి వాట్సాప్‌లో పంపించుకునేలా కూడా ఇవ్వండి. స్మార్ట్‌ఫోను లేని ఆడవాళ్ల దగ్గరికి వెళ్లే దారులు వేరే ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపారు. పల్లెల్లో ఆడవాళ్లు తమ మాట తామే రికార్డు చేసి వినిపించగలరని అది చూపించింది. మీ దగ్గర కమ్యూనిటీ రేడియో ఉంటే అడగండి. లేదంటే పొదుపు సంఘం మీటింగులో స్పీకరు పెట్టి వినిపించండి. నలుగురూ కలిసి విన్నప్పుడు, అడక్కుండానే ఎవరో ఒకరు 'మా చెల్లెలికీ ఇట్లాగే' అంటారు.

కామెంట్లు మీరు చూశాకే కనబడేలా పెట్టుకోండి. తిట్ల కన్నా ప్రమాదం, 'ఈమె ఫలానా ఊరామె కదా' అని ప్రేమగా రాసేవాళ్లతోనే. అలాంటిది కనబడగానే చెరిపేసి, ఆమెకు ఫోన్ చేసి చెప్పండి. విడుదలైన మొదటి వారమంతా ఆమెకు రోజూ, ముందు అనుకున్న వేళకే, ఫోన్ చేయండి. తీసేయమంటే కారణం అడగకండి. ముందు హోస్టింగ్ నుంచి, అంటే మీరు ఎపిసోడ్ ఫైలు ఎక్కించిన చోటు నుంచి, తీయండి, అప్పుడు మిగతా యాప్‌లలోంచీ క్రమంగా పోతుంది. యూట్యూబ్‌లోదీ, వాట్సాప్ గ్రూపుల్లో మీరు పెట్టినవీ విడిగా చెరపాలి. కత్తిరించని ఫైలు ఎక్కడెక్కడ ఉందో మొదటి రోజే ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే ఆ పని గంటలో అయిపోతుంది.